ఇంటి పనుల మధ్య నమూనా గీతలు, మిశ్రమ మాధ్యమ చిత్రకళ: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో మా ఇంటి వరండాలో ఆదివారాలు గీతలు నేర్చుకోవడానికి కూర్చునే గృహిణులు, ఉద్యోగులు, విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను, వాటికి నేను చెప్పే సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. చిత్రకళను వృత్తిగా ఎంచుకోదలచినవారి కంటే, వంట, ఉద్యోగం, చదువు, పొలం పనుల మధ్య ప్రతిరోజూ కొంచెంసేపు చేతితో ఏదైనా చేయాలని కోరుకునేవారిని దృష్టిలో పెట్టుకొని ఇవి రాశాను.

నమూనా గీతలు అంటే ఏమిటి? మిశ్రమ మాధ్యమం అంటే ఏమిటి? రెండింటినీ కలిపి ఎందుకు నేర్చుకోవాలి?

చుక్క, రేకు, అర్ధచంద్రం, ఒంపు వంటి ఒక చిన్న ఆకారాన్ని తీసుకొని, దానినే ఒక క్రమంలో మళ్లీ మళ్లీ వేస్తూ ఖాళీని నింపడాన్ని నమూనా గీతలు అంటున్నాను. చీర అంచులోనూ, మెలికల ముగ్గులోనూ, గుడి ద్వారబంధం మీద చెక్కిన లతలోనూ ఉన్నది ఇదే పని. ఒకే బొమ్మలో కాగితం, గుడ్డ, సిరా, రంగు, నార వంటి రెండు మూడు రకాల సామగ్రిని కలిపితే అది మిశ్రమ మాధ్యమం అవుతుంది. శుభలేఖ ముక్క, ఖద్దరు పీలిక, నీటిరంగు పూత పక్కపక్కన ఉన్నప్పుడు ఏ ముక్కకు ఆ ముక్క విడిగానే కనిపిస్తుంది. వాటన్నింటి మీదుగా ఒకే గీత, ఒకే చుక్కల వరుస సాగినప్పుడు అవి ఒక బొమ్మగా కుదురుకుంటాయి. అందువల్ల ముందుగా గీత, తర్వాత అతుకు (ముక్కలను జిగురుతో అంటించడం) అనే వరుసలో నేర్చుకుంటే రెండూ సులభంగా పట్టుబడతాయి.

నాకు బొమ్మలు వేయడం రాదు. అయినా మొదలుపెట్టవచ్చా?

తప్పకుండా మొదలుపెట్టవచ్చు. మనిషి ముఖాన్నో గుర్రాన్నో చూసి అచ్చంగా దించడం ఒక విద్య, ఒక ఒంపును పది సార్లు ఒకే కొలతలో వేయడం మరొక విద్య. ఈ రెండవ విద్య మన వాకిళ్లలో చాలామందికి చిన్నతనంలోనే అబ్బింది. ఇరవై ఏళ్లుగా పెన్సిలు పట్టలేదని చెప్పే స్త్రీ కూడా సంక్రాంతి నెలలో ఎవరి సాయమూ లేకుండా చుక్కలు పెట్టి పద్మం కలుపుతుంది. ఆ లెక్క, ఆ చేతివాటం ఆమెలో భద్రంగానే ఉన్నాయి. పిండి స్థానంలో కలం పట్టుకున్నప్పుడు కదలిక వేళ్ల చివరలకు తగ్గుతుంది కాబట్టి, మొదటి కొన్ని రోజులు గీత వణకడం సహజం. కలం నెమ్మదిగా కదిలితే ఆ వణుకు తగ్గుతుంది.

రోజులో ఎప్పుడు, ఎంతసేపు వేయాలి?

నేను అన్నింటికంటే గట్టిగా చెప్పదలచినది ఈ సమాధానమే. తీరిక దొరికినప్పుడు వేద్దాం అనుకున్నవారికి తీరిక దొరకదు. వాకిట్లో ముగ్గు ఇన్ని తరాలుగా నిలిచి ఉండడానికి కారణం, అది తీరిక కోసం ఎదురుచూసే పని కాకపోవడమే. ఊడ్చి, కళ్లాపి చల్లిన తర్వాత ముగ్గు పెట్టడం అనేది ఆ పని వరుసలోనే ఒక భాగం. దానికి ఒక చోటు, ఒక వేళ, ఒక హద్దు ఉన్నాయి. మరునాటికి చెరిగిపోతుందని తెలుసు కాబట్టి, అది గొప్పగా రావాలన్న భయం ఉండదు. కాగితం మీది గీతకు కూడా ఇవే మూడు ఏర్పాటు చేయాలి.

మీ దినచర్యలో ఎలాగూ జరిగే ఒక పనిని ఎంచుకొని, దాని వెనకే గీతను చేర్చండి. పొయ్యి మీద అన్నం ఉడికే సమయం, పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చేలోపు ఉండే అరగంట, ఆమదాలవలస స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూసే సమయం, భోజనం తర్వాత ఆఫీసులో మిగిలే పది నిమిషాలు ఇందుకు సరిపోతాయి. పది నుంచి పదిహేను నిమిషాలు చాలు. కాగితం చిన్నదిగా, అరచేతిలో ఇమిడేలా ఉండాలి, అప్పుడే కూర్చున్నంతసేపట్లో అది పూర్తవుతుంది. పెద్ద డ్రాయింగ్ షీటు తెచ్చి సగం వేసి గోడకు ఆనించినవారిలో చాలామంది ఆ సగం దగ్గరే ఆగిపోవడం చూశాను. సామాన్లను బీరువాలో పెట్టకుండా, ఒక డబ్బాలో వేసి మీరు రోజూ కూర్చునే చోటనే ఉంచండి. తలుపు తీసి, సంచి దించి, వెతికి తీయవలసి వస్తే ఆ రోజుకు గీత లేనట్టే.

ఒక రోజు తప్పిపోతే మరునాడు రెండు వేయవలసిన అవసరం లేదు. ఆ రోజుది ఆ రోజే వేయండి.

మొదట ఏమేమి కొనాలి?

ఒక కలం, కొన్ని అట్టముక్కలు, ఒక పెన్సిలు కొంటే మొదటి నెల గడిచిపోతుంది. మామూలు నోటుపుస్తకాల కాగితం చదరపు మీటరుకు 60 నుంచి 80 గ్రాములు ఉంటుంది, సిరా గీతకు అది పనికివస్తుంది కాని తడి తగిలితే ఉబ్బి ముడతలు పడుతుంది. అతుకులు, పలుచని రంగులు కూడా వేయాలంటే కనీసం 200 గ్రాముల కాగితం కావాలి. నీరు ఎక్కువగా వాడేవారికి 300 గ్రాముల నీటిరంగు కాగితం మంచిది. ఒక పెద్ద షీటు కొని చిన్న చదరాలుగా కోసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

కలం విషయంలో ఒక పరీక్ష చేయండి. గీత గీసి, ఒక రోజు ఆరనిచ్చి, తడి కుంచెతో దాని మీద రుద్దండి. చాలా జెల్ పెన్నులు, ఫౌంటెన్ పెన్ సిరాలు అలికిపోతాయి. నీటిలో కరగని రంగు పొడితో చేసిన పిగ్మెంట్ సిరా కలాలు నిలుస్తాయి. మామూలు బాల్ పెన్ను కూడా చాలావరకు నిలుస్తుంది, కాబట్టి ఇంట్లో ఉన్నదాన్ని తక్కువగా చూడవద్దు.

జెంటాంగిల్ అనే పద్ధతి గురించి విన్నాను. అది నేర్చుకోవడం అవసరమా?

అవసరం లేదు, కాని దాని నుంచి తీసుకోదగినవి ఉన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అనే ఇద్దరు రూపొందించిన పద్ధతి అది. వారు మూడున్నర అంగుళాల చదరపు కాగితం వాడతారు. మూలల్లో నాలుగు చుక్కలు పెట్టి, వాటిని కలిపి హద్దు గీసి, లోపల పెన్సిలుతో ఒక వంపు గీతను ఇష్టం వచ్చినట్టు తిప్పి, దానివల్ల ఏర్పడిన గదులను ఒక్కొక్కటి ఒక్కో నమూనాతో నింపుతారు, చివర పెన్సిలుతో నీడలు దిద్దుతారు. రబ్బరు వాడరు. ఖాళీ కాగితాన్ని చూస్తే చేయి ఆడనివారికి ఆ పెన్సిలు గదులు చాలా మేలు చేస్తాయి, ఎందుకంటే ఏం వేయాలన్న పెద్ద ప్రశ్న ఈ చిన్న గదిని దేనితో నింపాలన్న ప్రశ్నగా మారుతుంది. గదులను నింపే నమూనాలను మాత్రం వారి పుస్తకాల నుంచే తీసుకోనక్కరలేదు. మీ అమ్మగారి పట్టుచీర కొంగు, వెదురు చాట అల్లిక, చాప అల్లిక, కిటికీ ఊచలు చూసి పది నమూనాలు రాసిపెట్టుకోండి.

మెలికల ముగ్గును కాగితం మీద వేస్తున్నప్పుడు ఒకే గీతతో పూర్తికాకుండా మధ్యలోనే మూసుకుపోతోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

చాలాసార్లు పొరపాటు చేతిది కాదు, చుక్కల లెక్కది. చుక్కలను నిలువు, అడ్డం వరుసల్లో నలుచదరంగా పెట్టి, గీతను రెండేసి చుక్కల మధ్యగా ఏటవాలుగా నడుపుతూ, అంచు చేరినప్పుడు చివరి చుక్కను చుట్టి వెనక్కి తిప్పే సాదా మెలికను తీసుకుందాం. ఇందులో ఎన్ని విడి గీతలు వస్తాయన్నది వరుసల సంఖ్య, ఒక్కో వరుసలోని చుక్కల సంఖ్య, ఈ రెండింటి గరిష్ట సామాన్య భాజకానికి, అంటే రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్యకు, సమానం. 3 వరుసల్లో 4 చుక్కల చొప్పున పెడితే ఆ భాజకం 1, కాబట్టి మొత్తం ముగ్గు ఒకే గీతతో మొదలైనచోటికే వచ్చి ముగుస్తుంది. 4 వరుసల్లో 6 చొప్పున పెడితే రెండు గీతలు వస్తాయి. 3 వరుసల్లో 3 చొప్పున పెడితే ఎంత జాగ్రత్తగా వేసినా మూడు విడి గీతలే వస్తాయి. బడిలో చదివిన ఆ లెక్క ఇక్కడ కళ్ల ముందు కనిపించడం నాకు ఎప్పటికీ ఆనందం కలిగించే విషయం. పిల్లలకు ఇది తప్పక చూపించండి.

మూడు విడి గీతలు వచ్చినచోట ఒకే గీత కావాలంటే మార్గం ఉంది. రెండు వేర్వేరు గీతలు ఒకదానినొకటి దాటే చోటును వెతికి, అక్కడ దాటకుండా రెండింటినీ వీపులు ఆనించినట్టు ఒంచి తిప్పేయండి. ఆ రెండు గీతలు కలిసి ఒకటవుతాయి. 3 వరుసల 3 చుక్కల ముగ్గులో ఇలా రెండుచోట్ల చేస్తే అంతా ఒకే గీత అవుతుంది. ఒకే గీత తనను తాను దాటే చోట ఇలా చేస్తే మాత్రం అది రెండుగా విడిపోవచ్చు, అందుకే ముందుగా వేర్వేరు గీతలకు వేర్వేరు రంగు పెన్సిళ్లు వాడి గుర్తుపట్టండి. తమిళనాట కోలంగా పిలిచే ఇదే కళను 1970ల్లో మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ సిరొమొని, ఆయన సహచరులు గణితశాస్త్ర దృష్టితో పరిశీలించారు. కంప్యూటరు శాస్త్రంలో బొమ్మల వ్యాకరణం, అంటే కొన్ని నియమాలతో బొమ్మలను పుట్టించే పద్ధతి, గురించి జరిగిన చర్చల్లోకి మన వాకిలి ముగ్గు అలా చేరింది.

ఒక వరుస చుక్కల మధ్య సందుల్లో తర్వాతి వరుస చుక్కలు పెట్టే సందు చుక్కల ముగ్గులకు ఈ సూత్రం వర్తించదు. 7 చుక్కలతో మొదలుపెట్టి రెండు వైపులా 4 వచ్చేవరకు సందు చుక్కలు పెడితే మొత్తం 37 చుక్కలతో ఆరు పలకల ఆకారం వస్తుంది. పూలు, చిలకలు, దీపాలు కుదిర్చే గీతల ముగ్గుకు ఈ అమరిక చాలా అనువైనది, చిన్న చదరపు కాగితంలో కూడా చక్కగా ఇముడుతుంది.

మన ప్రాంతంలో దొరికే ఏ వస్తువులను అతుకులకు వాడవచ్చు?

మొదట మీ ఇంట్లోనే చూడండి. పాత శుభలేఖలు, పంచాంగం పుటలు, బస్సు టికెట్లు, మందుల పెట్టెల అట్టలు, దర్జీ దగ్గర మిగిలే జాకెట్టు ముక్కలు, పాడైన చీర అంచులు అన్నీ పనికివచ్చేవే. ఇక బయటికి వస్తే ఉత్తరాంధ్రకు తనదైన సంపద ఉంది. పొందూరు ఖద్దరు పీలిక దొరికితే దానిని ఎండకు ఎదురుగా పట్టి చూడండి. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేసే పద్ధతి ఉంది, అలా తీసిన సన్నని చేతినూలుతో నేసిన గుడ్డ మీద కలం గీత కాగితం మీదికంటే మెత్తగా కూర్చుంటుంది. విజయనగరం ప్రాంతం జనపనార మిల్లులకు పేరుపడింది, గోనె పట్టాను చిన్న చదరంగా కోసి, పోగులు కొన్ని లాగేసి, కాగితం మీద అతికిస్తే ఆ గళ్లు సిద్ధంగా ఉన్న నమూనా అవుతాయి. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానంలో కొబ్బరి పీచుకు కొదవ లేదు. కళింగపట్నం, భావనపాడు వంటి తీరాల్లో తెగిన వల ముక్కలు దొరుకుతాయి. వాటిని ఉప్పు పోయేలా మంచినీటిలో నానబెట్టి ఆరబెట్టిన తర్వాతే వాడాలి. వల ముక్కను కాగితం మీద పరిచి, స్పాంజితో రంగు అద్ది తీసివేస్తే చేపపొలుసు వంటి నమూనా నిమిషంలో అచ్చుపడుతుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. పలాస వైపు నుంచి వచ్చేవారు జీడిపిక్కల పెంకులు తెస్తుంటారు. ఆ పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. వాటిని అతుకులకు వాడవద్దు, పిల్లల చేతికి అసలే ఇవ్వవద్దు.

దేని మీద ఏది వేయాలి? పొరలకు ఒక వరుస ఉందా?

ఉంది. నీరు తాగే వస్తువులు కిందకు, నీటిని తోసివేసే వస్తువులు పైకి రావాలి. నీటిరంగు పూత మొదట, కాగితం లేదా గుడ్డ అతుకు తర్వాత, ఆక్రిలిక్ రంగు ఆపైన, కలం గీత చివర వస్తుంది. ఆక్రిలిక్ ఆరితే పొరలా గట్టిపడుతుంది కాబట్టి దాని మీద నీటిరంగు నిలవదు. కొవ్వొత్తి గాని ఆయిల్ పాస్టల్ గాని దీనికి మినహాయింపు. కాగితం మీద కొవ్వొత్తితో ముగ్గు వేసి, పైన నీటిరంగు పూస్తే మైనం ఉన్నచోట రంగు పట్టక తెల్లటి ముగ్గు బయటపడుతుంది. పోస్టరు రంగులు ఆరిన తర్వాత కూడా తడి తగిలితే కరుగుతాయి, వాటిపై మళ్లీ తడి కుంచె నడపవద్దు.

జిగురుగా ఫెవికాల్ వంటి తెల్ల జిగురు రెండు పాళ్లు, నీరు ఒక పాలు కలిపి వాడితే సరిపోతుంది. మైదా ఉడికించిన జిగురు కాగితానికి బాగా పట్టుతుంది కాని పురుగులను, బూజును పిలుస్తుంది. పురుగు పట్టకుండా దానిలో మైలతుత్తం కలిపే పాత అలవాటు ఒకటి ఉంది. అది విషం, పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయవద్దు.

మా ఊరు సముద్రానికి దగ్గర. కాగితం వంకరపోతోంది, వానాకాలంలో బూజు పడుతోంది. ఏం చేయాలి?

జిగురు తడికి కాగితం సాగి, ఆరేటప్పుడు ఒకవైపే ముడుచుకోవడం వల్ల అది వంకరపోతుంది. వెనుకవైపు కూడా అదే మందం కాగితాన్ని అదే జిగురుతో అతికించండి, రెండు వైపులా లాగుడు సమానమై అట్ట చదునుగా ఉంటుంది. పూర్తిగా ఆరకముందు రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు ఉంచండి. బూజుకు మూలం లోపల మిగిలిన తడి. గుడ్డ, గోనె అతికించిన బొమ్మలను రెండు మూడు రోజులు గాలి ఆడేచోట నీడలో ఆరబెట్టిన తర్వాతే మూతపెట్టండి. గోడకు తగిలించేటప్పుడు వెనుక కొంచెం సందు వదిలితే చెమ్మ పట్టదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానును చూసిన జిల్లా మనది, కాబట్టి దాచుకోదలచిన వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రేకు పెట్టెలో అటక మీద ఉంచడం మంచిది.

పసుపు, జాజు వంటి ఇంటి రంగులు కాగితం మీద నిలుస్తాయా?

జాజు, ఎర్రమట్టి నిలుస్తాయి. వాటి ఎరుపు ఇనుము ఆక్సైడ్ వల్ల వచ్చినది, వెలుగుకు చెదరదు. మెత్తగా నూరి, గుడ్డలో జల్లించి, పలుచని తెల్ల జిగురుతో కలిపితే చక్కని రంగు అవుతుంది. దీపపు మసి కూడా నిలుస్తుంది. పసుపు మాత్రం ఎండలో త్వరగా వెలిసిపోతుంది, గోడకు పెట్టే బొమ్మకు వద్దు.

అయితే పసుపుతో చేయదగిన ఒక అందమైన పని ఉంది. కాగితానికి పసుపు నీరు పూసి ఆరనివ్వండి. తాంబూలంలో వేసే సున్నాన్ని నీటిలో పలుచగా కలిపి, పుల్లతో దాని మీద ముగ్గు వేయండి. పారాణి కలిపేటప్పుడు జరిగే మార్పే ఇక్కడా జరిగి, గీత ఎర్రగా లేస్తుంది. నిమ్మరసం తాకితే ఆ ఎరుపు మళ్లీ పసుపవుతుంది. సున్నం గాలికి మారుతుంది కాబట్టి ఆ ఎరుపు కొన్నాళ్లకు మసకబారుతుంది. సున్నం కంట్లో పడకుండా పిల్లల పక్కన పెద్దవారు ఉండాలి.

సవర గిరిజనుల చిత్రాలను చూసి నేర్చుకోవచ్చా?

చూసి నేర్చుకోవచ్చు, కాని అవి ఏమిటో ముందు తెలుసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట కొండల్లోనూ, ఒడిశా సరిహద్దు గ్రామాల్లోనూ ఉండే సవరలు ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి తెలుపుతో వేసే ఆ చిత్రాలు పూర్వీకులకూ దేవతలకూ అంకితమైనవి. పంట, జబ్బు, పుట్టుక, చావు వంటి సందర్భాలతో వాటికి సంబంధం ఉంది. మన దగ్గర వాటిని ఎడిసింగి అంటారు. వాటిలో చిత్రకారుడు ముందుగా హద్దు గీసి, ఆ హద్దును గీతల నమూనాలతో నింపి, తర్వాత లోపలికి వెళ్లి మనుషులను, గుర్రాలను, ఏనుగులను, చెట్లను, సూర్యచంద్రులను చేర్చుతాడు. హద్దు నుంచి లోపలికి వెళ్లే ఆ కూర్పును, ఒకే తెలుపుతో అంత నిండుతనం సాధించే పొదుపును మీ పనిలోకి తెచ్చుకోండి. వారి పూజా చిత్రాన్ని ఉన్నదున్నట్టు దించి, మీ పేరు కింద రాసి అమ్మడం మాత్రం తగదు. ఇంట్లో అలాంటి చిత్రం ఉండాలని కోరిక ఉంటే సవర చిత్రకారుల దగ్గరే కొనండి. సవర భాష కోసం జీవితాన్ని వెచ్చించిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన నేల ఇది, ఆ మర్యాద మనకు తెలియనిది కాదు.

నమూనాలు చూడడానికి దగ్గరలో ఎక్కడికి వెళ్లవచ్చు?

శ్రీముఖలింగం వెళ్లి, దర్శనం అయ్యాక మధుకేశ్వరాలయ ద్వారబంధాల ముందు కూర్చోండి. ఒకే తీగ మెలికలు తిరుగుతూ ఆకులను, పూలను ఎలా మోసుకుపోతుందో అక్కడి రాతిలో కనిపించినంత స్పష్టంగా ఏ పుస్తకంలోనూ కనిపించదు. శ్రీకూర్మంలో మండపపు గోడల మీది పాత వర్ణచిత్రాలను చూడండి. ఎక్కడైనా ఫోటో తీసేముందు అనుమతి అడగండి, గోడను తాకవద్దు. ఫోటో కంటే అక్కడే కూర్చుని ఒక మూలను పెన్సిలుతో రాసుకోవడం ఎక్కువ నేర్పుతుంది. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారి పత్రికా ముఖచిత్రాలు పాత అటకల మీద ఇంకా దొరుకుతాయి. అవి దొరికితే ముఖాలను వదిలి, చీర అంచులను, నగలను, జడ అలంకారాలను మాత్రమే భూతద్దంతో చూడండి.

గీత తప్పితే ఎలా?

తప్పిన గీతను మరో మూడుచోట్ల కావాలని వేయండి, అది నమూనాలో భాగమవుతుంది. మరీ కుదరకపోతే దాని మీద ఒక గుడ్డముక్క అతికించండి.

ఈ అలవాటు మనసులోని ఆందోళనను పోగొడుతుందా?

చేయి ఒకే లయలో కదులుతున్నంతసేపు ఊపిరి నెమ్మదిస్తుందని, ఆలోచనల పరుగు తగ్గుతుందని చాలామంది చెబుతారు, నా అనుభవం కూడా అదే. కాని ఇది వైద్యం కాదు. నిద్ర పట్టకపోవడం, దిగులు, భయం వారాల తరబడి ఉంటే వైద్యుడిని కలవాలి. గీతలు ఆ వైద్యానికి తోడుగా ఉండవచ్చు.

వేసినవన్నీ దాచాలా?

అన్నీ దాచనక్కరలేదు. నెలాఖరున అన్నింటినీ చాప మీద పరిచి, మళ్లీ చూడాలనిపించే నాలుగైదింటిని పక్కన పెట్టుకోండి. మిగిలినవాటిని చించి తర్వాతి నెల అతుకులకు వాడండి, మీ పాత గీతే కొత్త బొమ్మకు నేలగా మారుతుంది. కొన్నింటిని పుట్టినరోజు కార్డులుగా, కానుకల కవర్లుగా ఇచ్చేయండి. దాచినవాటి వెనుక తేదీతో పాటు ఏ కాగితం, ఏ జిగురు, ఏ సిరా వాడారో పెన్సిలుతో రాయండి. రెండేళ్ల తర్వాత ఒకటి వెలిసిపోయి, మరొకటి చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు కారణం తెలుసుకోవడానికి ఆ ఒక్క వాక్యమే ఆధారం.